నాలుగు నిమిషాల మాస్టారు

ఇంట్లో బల్బు హోల్డరు మార్చాలన్నా మాస్టారుకి మూడుసార్లు కావలసిందే. ముందు టెస్టరును వంటింటి ప్లగ్గులో పెట్టి అది వెలుగుతోందని చూసుకునేవారు. తర్వాత తాను పని చెయ్యబోయే వైరుకు ఆనించి అక్కడ వెలగడం లేదని చూసుకునేవారు. అంతటితో ఊరుకోక మళ్ళీ వంటింటికి నడిచి, అదే ప్లగ్గులో ఇంకోసారి పెట్టి, ఈలోగా టెస్టరు ప్రాణం పోలేదని రూఢి చేసుకున్నాకే వైరు మీద వేలు వేసేవారు. పొయ్యి దగ్గర నిలబడ్డ భార్య పక్కకి జరిగి దారి ఇస్తూ, "ఒక్క బల్బుకి మూడు ప్రదక్షిణలా అండీ" అని నవ్వేది. "ప్రదక్షిణ తప్పితే పుణ్యం పోతుంది. ఇది తప్పితే మొగుడు పోతాడు. నీకు ఏది కావాలో చెప్పు" అనేవారు ఆయన.

ఈ చాదస్తం ఆయన సొంతం కాదు. ఆయనకి పని నేర్పిన పెద్దాయన నుంచి వచ్చింది. ఆ పెద్దాయన కుడిచేతికి మూడే వేళ్ళుండేవి. కొత్తగా చేరిన కుర్రవాళ్ళ ముందు ఆ చెయ్యి ఆడించి, "మిగతా రెండూ ఎటు పోయాయో తెలుసా? చచ్చిన టెస్టరు మాట నమ్మి పోయాయి" అనేవాడు. టెస్టరు లోపల ఉండే చిన్న దీపం ఎప్పుడైనా పోవచ్చు. జేబులోంచి జారి పడినా పోతుంది, ఏ కారణం లేకపోయినా పోతుంది. పోయాక దాన్ని పారే కరెంటులో పెట్టినా వెలగదు. వెలగలేదు కదా, కరెంటు లేదు కదా అనుకుని చెయ్యి పెట్టామా, ఇక అంతే సంగతులు. "చచ్చిన టెస్టరుకి లోకమంతా చచ్చినట్టే కనిపిస్తుంది రా" అనేవాడు పెద్దాయన. ఆ మాటనే మాస్టారు ముప్ఫై ఏళ్ళుగా శిక్షణ కేంద్రంలో బ్యాచి తర్వాత బ్యాచికి అప్పజెబుతూ వచ్చారు. చచ్చిన టెస్టరు ఒకటి పాత కళ్ళజోడు పెట్టెలో దాచుకుని, ప్రతి బ్యాచికీ మొదటి రోజున అదే చేతికిచ్చి బోల్తా కొట్టించేవారు. పిల్లలు ఆయనకి మూడుసార్ల మాస్టారు అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆయనకి లోలోపల ఇష్టమే.

ఇలా గుట్టుగా సాగిపోతున్న మనిషిని రచ్చకెక్కించినవాడు మేనల్లుడు. చెల్లెలి కొడుకు. ఏ ఉద్యోగంలోనూ ఆరు నెలలు నిలవడు గానీ, కెమెరా చేతికిస్తే మాత్రం అన్నం మాట మరిచిపోతాడు. వాడొచ్చి ఒక సెలవు రోజున మాస్టారు చెయ్యి పట్టుకున్నాడు.

"మావయ్యా, నీ విద్యంతా నాలుగు గోడల మధ్య పడి మురిగిపోతోంది. ఒక్క పాఠం చెప్పు. లోకమంతా వింటుంది."

"లోకానికి వేరే పని లేదు పాపం" అన్నారు మాస్టారు. అన్నారే గానీ, భార్య ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుని వెళ్ళారు. వర్క్‌షాపులో కిటికీ పక్కనున్న ఆరో నంబరు బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పారు. మెయిను కట్టెయ్యడం, కాళ్ళకి రబ్బరు చెప్పులు, కింద ఎండిన చెక్క, ఆపైన టెస్టరు మూడుసార్లు. ప్లగ్గు ఆ చివర, బోర్డు ఈ చివర ఉండడంతో మూడుసార్లూ నడవాల్సి వచ్చింది. ఆఖర్న కళ్ళజోడును మణికట్టుతో పైకి తోసుకుంటూ, "అంతే! ఇక నిశ్చింతగా చెయ్యి పెట్టండి" అని నవ్వారు. మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది.

వారం రోజుల్లో దాన్ని జనం తొంభైసార్లు చూశారు. అందులో నలభైసార్లు చూసింది మాస్టారు భార్యే. మేనల్లుడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. మాస్టారు అప్పుడు డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నారు.

"కాస్త సాగుతోంది మావయ్యా. అక్కడక్కడ కత్తిరించనా?"

"నీ ఇష్టం రా. ఆ విద్య నీది" అన్నారు మాస్టారు, రెండో లేసు వెతుక్కుంటూ. ఏం కత్తిరిస్తావు అని అడగలేదు. ముప్ఫై ఏళ్ళలో దేన్నీ రెండోసారి చూడకుండా వదలని మనిషి, ఆ ఒక్కదాన్నీ అసలు చూడకుండానే వదిలేశారు.

కత్తిరించాక అది నాలుగు నిమిషాల యాభై సెకన్లకు దిగింది. అప్పుడు పట్టుకుంది ఊపు. నెల తిరక్కముందే లక్ష దాటింది, మూడు నెలలకి ఎన్ని లక్షలో చెప్పడానికి మేనల్లుడికి కూడా వేళ్ళు చాలలేదు. మంగలి గడ్డం గీస్తూ గీస్తూ కత్తి ఆపి, "ఆ సారు మీరేనా?" అన్నాడు. బస్సులో ఎవరో లేచి సీటు ఇచ్చారు. శిక్షణ కేంద్రం గేటు మీద ప్రిన్సిపాలు గారు మాస్టారు ఫొటోతో పెద్ద బ్యానరు కట్టించారు. మాస్టారు గేటు దాటేటప్పుడు ఆ బ్యానరు వంక చూడనట్టే చూసేవారు. వీడియో మాత్రం పూర్తిగా చూడలేదు. రెండుసార్లు పెట్టుకుని, తన గొంతు తనకే పక్కింటివాడి గొంతులా వినబడి, సిగ్గేసి, నిమిషంలోపే ఆపేశారు. అదీ మన మాస్టారు చేసిన తప్పు. పెద్దదేం కాదు. పొగడ్తకి ఒళ్ళు మరిచిన ప్రతివాడూ చేసేదే.

కొత్త బ్యాచి వచ్చింది. వీడియో పుణ్యమా అని దరఖాస్తులు రెట్టింపయ్యాయి. ముప్ఫై రెండుమంది పిల్లలు కొత్త పుస్తకాలతో కూర్చున్నారు. మాస్టారు అలవాటు ప్రకారం కళ్ళజోడు పెట్టెలోంచి చచ్చిన టెస్టరు తీశారు.

"ఈ బోర్డులో కరెంటు ఉందో లేదో ఎవరు చెబుతారు?"

ముప్ఫై రెండు చేతులు లేచాయి. మిగతా ఏళ్ళలో ఒకటో రెండో లేచేవి. ముందు వరసలో ఒక సన్నటి పిల్ల చెయ్యెత్తడంతో ఆగక లేచి నిలబడింది. కుదురుగా ఒక చోట ఉండదని గంట తిరక్కముందే తోటివాళ్ళు ఆ పిల్లకి తూనీగ అని పేరు పెట్టేశారు. మాస్టారు టెస్టరు ఆ పిల్ల చేతికిచ్చి, తాను మెయిను స్విచ్చి మీద చెయ్యేసి నిలబడ్డారు.

తూనీగ రబ్బరు చెప్పులు తొడుక్కుంది. చెక్క మీదకెక్కింది. టెస్టరును వైరుకు ఆనించింది. వెలగలేదు. వెంటనే క్లాసు వైపు తిరిగి, లేని కళ్ళజోడును మణికట్టుతో పైకి తోసుకుని, అచ్చం మాస్టారు గొంతుతో, "అంతే! ఇక నిశ్చింతగా చెయ్యి పెట్టండి" అంది. క్లాసంతా చప్పట్లు. మాస్టారుకి కూడా నవ్వాగలేదు. ఆ నవ్వులో ఉండగానే ఆ పిల్ల నిజంగానే వైరు మీదకి వేలు చాపింది. మాస్టారు ఒక్క ఉదుటున మెయిను లాగేసి, ఆ పిల్ల రెక్క పట్టి వెనక్కి గుంజారు.

మంచి టెస్టరు తెచ్చి, మెయిను మళ్ళీ వేసి, అదే వైరుకు పెట్టి చూపించారు. ఎర్రగా వెలిగింది. గదిలో చప్పుడు లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఈ నిశ్శబ్దంలోనే ఆయన పాఠం చెప్పేవారు, ఈ నిశ్శబ్దంలో విన్నది ఎవరూ మరిచిపోలేదు. ఈసారి మాత్రం వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది.

"సార్, మీరిచ్చింది పాడైపోయిన టెస్టరు కదా సార్. వీడియోలో వాడింది కొత్తది."

"పాడైందో లేదో ముందు చూసుకోవద్దా? అందుకే మూడుసార్లు. మూడుసార్లని మీకెవరూ చెప్పలేదా? ఒక్కసారి పెట్టమని ఎవడు నేర్పాడు?"

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. ఆఖరికి తూనీగే నోరు విప్పింది. "మీరే సార్."

"మూడుసార్లు పాత పద్ధతేమో సార్" అని ఇంకొకడు సర్దిచెప్పాడు. "వీడియోలో మీరు దాన్ని అప్‌డేట్ చేసేశారుగా."

మాస్టారు పిల్లలకి ఏదో రాసుకొమ్మని చెప్పి, స్టోరు గదిలోకి వెళ్ళి, కేబుల్ చుట్టల మధ్య స్టూలు మీద కూర్చుని, జీవితంలో మొదటిసారి ఆ వీడియో ఆఖరిదాకా చూశారు. రెండు నిమిషాలు దాటాక తెర మీది మాస్టారు టెస్టరు పట్టుకుని ప్లగ్గు వైపు తిరగబోయాడు. తిరగలేదు. మరుక్షణం బోర్డు ముందే ఉన్నాడు. వైరుకు ఆనించాడు, వెలగలేదు, నవ్వాడు, కళ్ళజోడు సర్దుకున్నాడు, చెయ్యి పెట్టేశాడు. అతుకు ఎక్కడుందో కూడా తెలియనంత నున్నగా ఉంది పని. ఎవరైనా ఇలా చేస్తే మాస్టారు ముప్ఫై ఏళ్ళుగా క్లాసులోంచి గెంటేసేవారు. ఇప్పుడా పని తన మొహంతో, తన ఇస్త్రీ చొక్కాతో, తన నవ్వుతో లక్షలమంది ఇళ్ళల్లో జరుగుతోంది. స్టోరు కీపరు వచ్చి మంచినీళ్ళు ఇచ్చేదాకా మాస్టారు ఆ స్టూలు మీంచి లేవలేదు.

సాయంత్రం తిన్నగా చెల్లెలి ఇంటికి వెళ్ళారు. మేనల్లుడు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టనిచ్చి, వాడు నెమ్మదిగా తెర మీద ఒక గీత చూపించాడు. మొదట పెట్టిన పదకొండు నిమిషాల వీడియో తాలూకు గీత అది. కొంతదూరం సాఫీగా వెళ్ళి, ఒకచోట గోడ దూకినట్టు కిందికి పడిపోయింది.

"ఇదిగో, నువ్వు ప్లగ్గు దగ్గరికి నడవడం మొదలెట్టావే, అక్కడ సగంమంది దిగిపోయారు. రెండోసారి నడిచేసరికి మిగతా సగం. అందుకే ఆ రెండు నడకలూ తీసేశాను."

"ఒరేయ్, వాళ్ళకి కావాల్సింది ఆ నడకే రా!"

"కావాల్సింది ఎవరూ చూడరు మావయ్యా. చూడాలనిపించింది చూస్తారు" అన్నాడు వాడు. అందులో పొగరు లేదు. వాడికి నిజంగా తెలిసిన ఒకే ఒక్క సంగతి అది.

తీసెయ్యమంటే మొదట ఒప్పుకోలేదు. వాడి పేరు నిలబెట్టింది ఆ వీడియో ఒక్కటే మరి. చెల్లెలు రెండు రోజులు కొడుకుతో మాట్లాడడం మానేసింది. మూడో రోజున వాడు కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ తీసేశాడు. ఆ పూట మాస్టారు కడుపునిండా తిన్నారు. మర్నాడు క్లాసులో తూనీగ ఎదురొచ్చి, శుభవార్త చెప్పినట్టు చెప్పింది: "సార్, మీ వీడియో పోయిందని అందరం గాభరా పడ్డాం. ఇంకో చోట దొరికేసింది సార్."

ఒకచోట కాదు, పదిహేను చోట్ల దొరికింది. ఒకడు దానికి వెనక సంగీతం కలిపాడు. ఇంకొకడు నలభై సెకన్లకు కుదించి, టెస్టరు ఆనించడం, నవ్వడం, చెయ్యి పెట్టడం మాత్రమే ఉంచాడు. దాన్ని చూసినవాళ్ళు అసలుదాని కంటే ఎక్కువ. "నేను తీసేస్తే నా పేరు పోయింది మావయ్యా. వీడియో పోలేదు" అన్నాడు మేనల్లుడు తల పట్టుకుని. ఆ పదిహేనింటి మీదా ఇద్దరూ కూర్చుని ఫిర్యాదులు పెట్టారు. ఫిర్యాదు చెయ్యాలంటే కారణం ఎంచుకోవాలట. అసభ్యత, హింస, ద్వేషం, మోసం, ఇలా వరసగా ఉన్నాయి. ముఖ్యమైన ముక్క లేదు అనే కారణం ఆ జాబితాలో లేదు. ఏదో ఒకటి నొక్కారు. అన్నిటికీ ఒకే జవాబు వచ్చింది, పాడిందే పాటరా అన్నట్టు: మీ ఫిర్యాదును పరిశీలించాము, ఈ వీడియో మా నియమాలకు విరుద్ధంగా లేదు, మీ సహకారానికి ధన్యవాదాలు.

ప్రిన్సిపాలు గారు మంచివారే. మాస్టారు చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు, ఫ్యాను కూడా పెంచారు.

"మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం మాస్టారూ. కానీ పై ఆఫీసువాళ్ళు దాన్ని అన్ని కేంద్రాలకీ పాఠంగా పెట్టేశారు. తియ్యాలంటే కమిటీ కూర్చోవాలి."

"ఎప్పుడు కూర్చుంటుందండీ?"

"ఏడాదికోసారి. మొన్ననే లేచింది."

"మరి ఈలోగా?"

"ఈలోగా మీరు క్లాసులో చెప్పండి. మాస్టారనేవాడు ఉన్నది అందుకేగా" అన్నారు ఆయన. అనేసి, ఎందుకనో తనే ఇబ్బంది పడి కాగితాలు సర్దుకున్నారు.

ముల్లును ముల్లుతోనే తియ్యాలనుకున్నారు మాస్టారు. మేనల్లుడిని బతిమాలి, అదే చొక్కాతో, అదే బోర్డు దగ్గర ఇంకో వీడియో తీయించారు. చచ్చిన టెస్టరు చూపించారు, పెద్దాయన వేళ్ళ కథ చెప్పారు, ఆ పాత వీడియో తప్పు, నమ్మకండి అని చేతులు జోడించారు. దాన్ని రెండొందలమంది చూశారు. చూసినవాళ్ళు కింద రాసిన మాటల్ని మేనల్లుడు దాచబోయాడు గానీ మాస్టారు ఫోను లాక్కుని చదివారు. 'ఒరిజినల్ సారు నాలుగు నిమిషాల్లో చెప్పింది ఈ నకిలీ సారు పదకొండు నిమిషాలు నమిలాడు.' 'వేషం బాగానే కుదిరింది, గొంతు కుదరలేదు.' 'పెద్ద సార్ పేరు చెడగొట్టడానికి సిగ్గు లేదా?' మాస్టారు చదివి ఫోను తిరిగిచ్చేశారు. "గొంతు కుదరలేదట రా" అని మాత్రం అన్నారు.

రచ్చ గెలవలేకపోయినా ఇంట గెలిస్తే చాలుననుకున్నారు అప్పటినుంచి. లోకాన్ని ఎటూ ఆపలేను, కనీసం ఈ ముప్ఫై రెండుమందీ పదివేళ్ళతో బయటికి వెళ్ళాలి. అదొక్కటే పట్టుకున్నారు. రోజూ పొద్దున్నే హాజరు కంటే ముందు ఒక్కొక్కరినీ మూడుసార్లు ఆనించి చూపించమనేవారు. పిల్లలు బుద్ధిగా చేసేవారు. పెద్దవాళ్ళ తృప్తి కోసం పిల్లలు కొన్ని పనులు చేస్తారు చూడండి, అలా చేసేవారు. ఒకరోజు మధ్యాహ్నం మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వచ్చి, వర్క్‌షాపు కిటికీలోంచి చూశారు. లోపల నలుగురైదుగురు ప్రాక్టీసు చేసుకుంటున్నారు. అందరూ ఒక్కసారే. తూనీగ కూడా.

గొడుగు మాట మరిచి లోపలికెళ్ళారు. మిగతావాళ్ళు బెదిరి పక్కకి తప్పుకున్నారు. తూనీగ మాత్రం ఉన్నమాట చెప్పింది.

"మూడుసార్లు చేస్తే నవ్వుతారు సార్. వీడియో సారు కంటే నీకెక్కువ తెలుసా అంటారు."

"ఆ వీడియో సారు నేనే కదమ్మా!"

"అవుననుకోండి సార్..." అంటూ ఆ పిల్ల ఆగిపోయింది. ఆ చూపులో ఎగతాళి లేదు, కాస్త జాలి ఉంది. తెర మీది మాస్టారు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్తాడు, విసుక్కోడు, తిట్టడు, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ఎదురుగా ఉన్న మాస్టారుకి చెమటలు పడుతున్నాయి, చెప్పిందే చెబుతున్నాడు, గొడుగు మరిచిపోతున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వింటారు ఎవరైనా? మాస్టారుకే ఆ ప్రశ్నకి జవాబు తెలుసు.

బ్యాచిని నెల రోజుల పాటు పని నేర్చుకోవడానికి బయట సైట్లకు పంపే సమయం వచ్చింది. వెళ్ళేముందు రోజు మాస్టారు ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి చెప్పారు. తూనీగకి రెండుసార్లు చెప్పారు. "నవ్వితే నవ్వనీ అమ్మా. నవ్వు వల్ల ఎవరికీ షాక్ కొట్టదు. మూడుసార్లు. నా మీద ఒట్టేసి చెప్పు."

"ఒట్టు సార్" అంది ఆ పిల్ల. అప్పటికే ఒక కాలు గుమ్మం బయట ఉంది.

రెండోవారంలో, పొద్దున పదకొండు గంటలప్పుడు సైటు సూపర్‌వైజరు ఫోను చేశాడు. మాస్టారు చెప్పులు మార్చుకోకుండా వర్క్‌షాపు చెప్పులతోనే ఆసుపత్రికి వెళ్ళారు. దారిలో సూపర్‌వైజరు ఫోనులోనే జరిగింది చెప్పాడు. కడుతున్న బిల్డింగులో మూడో అంతస్తు. మెయిన్ల మీద అంటించిన చీటీలు తారుమారై ఉన్నాయి. తూనీగ మెయిను కట్టేసింది గానీ, కట్టేసింది నాలుగో అంతస్తుది. ఆ పిల్ల టెస్టరు ముందురోజే నిచ్చెన మీంచి కిందపడింది. చూడ్డానికి బాగానే ఉంది. రెండో చేత్తో పక్కనున్న ఇనప రాడ్డు పట్టుకుని ఉంది, షాక్ కొట్టి వైరుకి అతుక్కుపోయింది. ఎవడో పక్కనున్నవాడు చెక్కతో కొట్టి విడిపించాడు కాబట్టి సరిపోయింది.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద తూనీగ తండ్రి కూర్చుని ఉన్నాడు. బస్సు డ్రైవరు, డ్యూటీ మధ్యలోంచి వచ్చినట్టున్నాడు, ఒంటి మీద యూనిఫారం అలాగే ఉంది. మాస్టారును చూసి గభాలున లేచి నమస్కారం పెట్టాడు.

"మీరొస్తారనుకోలేదు సారూ."

"ఎలా ఉంది?"

"ప్రాణానికి భయం లేదన్నారు. కుడిచెయ్యే... వేళ్ళ సంగతి రెండు రోజులాగితే గానీ చెప్పలేమన్నారు." అతను లోపలి తలుపు వంక చూశాడు. "మెలకువ వచ్చినప్పుడల్లా ఒకటే మాట సారూ. సారు తిడతారు నాన్నా, సారు తిడతారు అంటోంది. ఏం తప్పు చేశావే అంటే చెప్పదు, మొహం తిప్పేసుకుంటుంది. పిల్ల ఏదో మరిచిపోయి ఉంటుంది, మీ పేరుకి మచ్చ తెచ్చిందేమో అని నా భయం. అందుకే ఇందాకట్నుంచి ఇది చూస్తున్నాను."

ఫోను తిప్పి చూపించాడు. ఇస్త్రీ చొక్కాలో మాస్టారు.

"ఇంట్లో రోజూ పెట్టుకుని చూసేది సారూ, అన్నం తినేటప్పుడు కూడా. నాకే సగం వచ్చేసింది. ఇదిగో, మెయిను కట్టెయ్యాలి, కట్టేసింది. పాపం అదే అనుకుని కట్టేసింది. చెప్పులు వేసుకోవాలి, వేసుకుంది. చెక్క మీద నిలబడాలి, నిలబడింది. టెస్టరు పెట్టాలి, పెట్టిందని పక్కనున్నవాళ్ళు చెప్పారు. వెలగలేదు. చెయ్యి పెట్టింది." ఒక్కొక్కదానికీ ఒక్కో వేలు మడుస్తూ వచ్చి, మడిచిన చేతిని అలాగే మాస్టారు ముందుకి చాపాడు. "ఇందులో ఏది వదిలేసింది సారూ? నేను స్టీరింగు తిప్పేవాణ్ణి, నాకు తెలియట్లేదు. మీరు చెప్పండి."

క్లాసులో రోజూ చెప్పాను, మూడుసార్లు పెట్టమని ఒట్టు కూడా వేయించుకున్నాను. ఆ మాట మాస్టారు నాలుక చివరిదాకా వచ్చింది. అంటే అది అబద్ధం కాదు. అన్నాక తన మీద మచ్చ ఉండదు. లోపలున్న పిల్ల మీద ఉంటుంది.

"ఏదీ వదల్లేదు" అన్నారు చివరికి. "మీ అమ్మాయి ఇందులో ఉన్నదేదీ వదల్లేదు. తప్పు నాది."

"అయ్యో, అంతమాటెందుకు సారూ! మీరు పెద్దమనసుతో అంటున్నారు."

"కాదండీ, వినండి. ఆ వీడియోలోనే తప్పుంది. ముందు టెస్టరు బతికుందో లేదో చూసుకోవాలి. అది కోసేశారు. నేను చూసుకోలేదు."

తండ్రి కన్నీళ్ళ మధ్యనే నవ్వాడు, పిల్లవాణ్ణి ఊరుకోబెడుతున్నట్టు. "లక్షలమంది చూస్తున్నారు సారూ, తప్పుంటే ఉండనిస్తారా? మీరింత బాధపడకండి. దాని తప్పు లేదన్నారు కదా, నాకు ఆ ఒక్క మాట చాలు. ఇప్పుడే చెప్పొస్తాను దానికి." ఫోను మాస్టారు చేతిలో పెట్టి లోపలికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

తలుపు సందులోంచి అతని గొంతు వినబడింది. "సారు తిట్టర్లేవే. సారే వచ్చారు. నువ్వు వీడియోలో ఉన్నట్టే చేశావట, ఏదీ వదల్లేదట." తర్వాత ఆ పిల్ల ఏడుపు వినబడింది, అంత సన్నటి పిల్లలోంచి అంత ఏడుపు ఎలా వస్తుందో తెలియనట్టుగా.

మాస్టారు చేతిలో ఫోను వెలుగుతూనే ఉంది. వీడియో కింద ఎవరో అప్పుడే రాసినట్టున్నారు, ఇంకా నిమిషం కూడా కాలేదు. 'చాలా థాంక్స్ సార్. మీ వల్ల ధైర్యం వచ్చింది. రేపే మొదటిసారి పనికి వెళ్తున్నాను.' పేరు లేదు, ఊరు లేదు, ఒక నవ్వు బొమ్మ ఉంది. మాస్టారు బల్ల మీద కూలబడి, కళ్ళజోడు మణికట్టుతో పైకి తోసుకుని, దాని కింద రాయడం మొదలుపెట్టారు. ఆయనకి ఫోనులో రాయడం అంతగా రాదు. ఒక్కో అక్షరం వెతికి వెతికి, తప్పయితే తుడిచి, మళ్ళీ రాశారు. మూడు అనే మాట పడింది. సా కోసం వెతుకుతుండగా తండ్రి బయటికి వచ్చాడు.

"ఇలా ఇవ్వండి సారూ, మీకెందుకు శ్రమ" అని ఫోను మర్యాదగా రెండు చేతులతో తీసుకున్నాడు. "నమ్మట్లేదు సారూ అది, ఒకటే ఏడుపు. మీ నోటితో మీరు చెప్పింది ఓసారి వినిపిస్తే ఊరుకుంటుంది."

ఆగమని మాస్టారు చెయ్యి చాపారు. తలుపు అప్పటికే మూసుకుంది. లోపలినుంచి, ఏడుపు మీదుగా, నవ్వు నిండిన ఆయన గొంతే ఆయనకి స్పష్టంగా వినబడింది: "అంతే! ఇక నిశ్చింతగా చెయ్యి పెట్టండి."